టైమౌట్ స్టూలు

ఆ కలలో జిమ్‌లో ఎప్పుడూ నీళ్ళుంటాయి. లోతేం కాదు, చీలమండల దాకా. నేల మీది గీతలు నీటి అడుగున వణుకుతూ కనిపిస్తుంటాయి. వేద ఒక మడత స్టూలు పట్టుకొని నీళ్ళలో నడుస్తూ ఉంటుంది. బెంచీ మీద వరసగా కూర్చున్న అమ్మాయిలకు ఎదురుగా స్టూలు విప్పి పెడుతుంది. పెట్టి పక్కకు జరుగుతుంది. దాని మీద కూర్చోవలసిన మనిషి నీటిని తోసుకుంటూ వస్తున్న అలికిడి వీపు వెనక వినిపిస్తుంది. ఎవరా అని తిరిగి చూడబోతుంది. అక్కడికి మెలకువ వస్తుంది.

ఆ ఆదివారం మెలకువ వచ్చేసరికి క్యారీ ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో, హైస్కూల్ రోజుల్లో పడుకున్న మంచం మీదే ఉంది. కిటికీ అద్దం పసుపు పచ్చగా మసకబారి ఉంది. మార్చి చివరికి వచ్చేసరికి ఇక్కడి పైన్ చెట్లన్నీ ఒక్కసారిగా పుప్పొడి రాలుస్తాయి. కార్లు, మెయిల్‌బాక్సులు, చెప్పులు, కుక్కలు, అన్నీ ఒకే రంగులోకి మారిపోతాయి. ఆ వెలుగులో వస్తువుల అంచులు తెలియవు. ఇంకా కల లోపలే ఉన్నానేమో అనుకుంటూ వేద కాసేపు అలాగే పడుకుంది.

బాస్కెట్‌బాల్ కోచింగ్‌లోకి వచ్చినప్పటి నుంచి ఆ స్టూలు ఆమె పనే. ఆట మధ్యలో టైమౌట్ పిలవగానే అమ్మాయిలు చెమటలు కారుతూ వచ్చి బెంచీ మీద వాలతారు. వాళ్ళ ఎదుట స్టూలు పడాలి. హెడ్ కోచ్ వెంటనే కూర్చోదు. ముందు కోచ్‌లందరూ కోర్టు మీదికి నాలుగడుగులు జరిగి, తలలు దగ్గర చేర్చి, తమలో తాము మాట్లాడుకుంటారు. ఆ కొద్ది క్షణాలు స్టూలు ఖాళీగా ఉంటుంది. తర్వాత హెడ్ కోచ్ వచ్చి కూర్చుని, మోకాళ్ళ మీద చిన్న బోర్డు పెట్టుకొని, ఏం చేయాలో గీసి చూపిస్తుంది. ఆ గీతలు ఎవరి నోటి నుంచి వచ్చాయో బెంచీ మీదివాళ్ళకు తెలుస్తుంది. గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకు తెలియదు.

వేద పనిచేసే చిన్న యూనివర్సిటీ క్యారీకి తూర్పున గంట దూరంలో ఉంది. అక్కడి మహిళల జట్టులో ఆ మాటలు ఎక్కువగా లొరేన్ పెట్‌వే నోటి నుంచే వచ్చేవి. ఆమె తలుపు మీద అసోసియేట్ హెడ్ కోచ్ అని రాసి ఉంటుంది. ఆ అక్షరాల రంగు వెలిసిపోతే రెండుసార్లు మళ్ళీ వేశారు కానీ అక్షరాలు మారలేదు. స్టూలు మీద కూర్చున్నది కోచ్ జేన్. జేన్ తెల్లామె, లొరేన్ నల్లజాతి మనిషి. జట్టులో ఆడే అమ్మాయిలు చాలామంది నల్లజాతి పిల్లలే. ప్రత్యర్థుల బెంచీల వైపు చూసినా అదే తీరు. పరిగెత్తే కాళ్ళు ఒక రంగు, స్టూలు మీది మోకాళ్ళు ఒక రంగు. చాలాకాలం వేద దాన్ని వాతావరణాన్ని చూసినట్టు చూసింది. వానను చూసి ఎవరూ ఎందుకని అడగరు.

ఇప్పుడు జేన్ గుండెకు ఆపరేషన్ జరిగి రిటైరయింది. శుక్రవారం మధ్యాహ్నం అథ్లెటిక్ డైరెక్టర్ డగ్ హాల్‌స్టెడ్ వేదకు ఫోన్ చేశాడు. కోచ్‌లను పెట్టేదీ తీసేదీ ఆయనే. హెడ్ కోచ్ పదవికి నీ పేరు చూస్తున్నాం, బుధవారం ఇంటర్వ్యూకి రా అన్నాడు. నిన్న భోజనాల దగ్గర వేద ఆ సంగతి ఇంట్లో చెప్పింది.

కింద వంటింట్లో నుంచి తల్లి మాట వినిపించింది. పద్మిని ఫోన్లో ఇంగ్లిష్ మాట్లాడుతోంది. తెల్లవాళ్ళతో, డాక్టర్లతో మాట్లాడేటప్పుడు వాడే, ఒక్కొక్క మాటనూ ఇస్త్రీ చేసి పెట్టే ఇంగ్లిష్.

"యెస్, యెస్. ఆల్ బికాజ్ ఆఫ్ యూ. వీ ఆర్ సో గ్రేట్‌ఫుల్."

వేద మెట్లు దిగి వచ్చేసరికి పద్మిని ఫోన్ పెట్టేసి పెసరపిండి కలుపుతోంది. మూర్తి డైనింగ్ టేబుల్ దగ్గర ఐప్యాడ్ చూస్తున్నాడు. మందుల కంపెనీలో స్టాటిస్టిక్స్ చేసి రిటైరయిన మనిషి. కూతురి జట్టు ఆటలన్నీ ఫోన్లో చూస్తాడు.

"ఎవరితోనమ్మా?"

"ఇంకెవరితో, లొరేన్ గారితో. రాత్రంతా ఆలోచించా. గురువుకి చెప్పకుండా ముందు మా ఫ్రెండ్స్ ఉషాకీ నళినికీ చెప్తే ఏం బాగుంటుంది? అందుకే పొద్దున్నే ఆమెకే చేశా."

వేద కుర్చీ పట్టుకుని నిలబడింది. "అమ్మా, నేను తనకి ఇంకా చెప్పలేదు."

"నువ్వు చెప్పకపోతే ఏం, నేను చెప్పాగా."

"తను ఏమంది?"

"గుడ్ ఫర్ హర్, మిసెస్ మూర్తి, అంది. తర్వాత కాసేపు ఏం మాట్లాడలా. సిగ్నల్ పోయిందేమో అనుకున్నా."

"సిగ్నల్ పోయుండదు పద్మా," అన్నాడు మూర్తి తల ఎత్తకుండా. తర్వాత ఐప్యాడ్ పక్కన పెట్టాడు. "వేదూ, ఆమెకి కూడా కాల్ వచ్చిందా?"

"వచ్చే ఉంటుంది నాన్నా. తను సీనియర్. షి మస్ట్ బి ఫస్ట్ ఆన్ ద లిస్ట్."

"నువ్వు అడిగావా?"

అడగలేదు. శుక్రవారం నుంచి ఇప్పటిదాకా ఆ ప్రశ్న తన తలలోకి ఎందుకు రాలేదో వేద లోపలికి తిరిగి చూసుకుంది. అక్కడ ఒక తలుపు నెమ్మదిగా, చప్పుడు లేకుండా వేసి ఉంది. వేసింది తనే. ఎప్పుడు వేసిందో గుర్తు లేదు.

"ఏదేమైనా హెడ్ కోచ్ అయితే ఆ కుర్చీ మోయడం మానేస్తావు కదా?" అంది పద్మిని. "ఫోన్లో నువ్వు దాన్ని పట్టుకొని పరిగెత్తడం చూడలేకపోతున్నా. మాస్టర్స్ చేసిన పిల్లవి."

"అది స్టూల్, అమ్మా."

"స్టూల్ అయితే మోయొచ్చా?"

మూర్తి నవ్వబోయి ఆగాడు. భర్త మొహం, కూతురి మొహం మార్చి మార్చి చూసి పద్మిని గరిటె కింద పెట్టింది. "ఏమండీ, నేనేమన్నా తప్పు చేశానా?"

పెనం మీద మొదటి పెసరట్టు మాడింది.

*

లొరేన్ కూడా ఒకప్పుడు ఈ ఇంట్లో పెసరట్టు తిన్నది. హైస్కూల్‌లో బాగా ఆడే పిల్లల కోసం కాలేజీ కోచ్‌లు ఇళ్ళకు వస్తారు. హోమ్ విజిట్ అంటారు. వేద కోసం ఇద్దరు ముగ్గురు వచ్చారు. అందరూ హాల్లోకి బూట్లతోనే నడిచారు. అందరూ వేదతోనే మాట్లాడారు, జెర్సీ గురించి, జిమ్ గురించి, టీవీలో వచ్చే ఆటల గురించి. లొరేన్ మాత్రం గుమ్మం పక్కన చెప్పుల స్టాండు చూసి, ఎవరూ చెప్పకుండానే వంగి బూట్లు విప్పింది. తల్లి కనిపించే చోటు చూసుకొని కూర్చుంది. రెండు పెసరట్లు తిని, మూడోది అడిగి పెట్టించుకొని, పద్మినిని అడిగింది: "మీకు దేని గురించి భయం?"

పద్మినిని ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పిల్ల ఒక్కతే ఏ గదిలోనో ఏడిస్తే ఎవరికీ తెలియదేమోనని, అని చాలాసేపటికి చెప్పింది.

"ఏడవదని నేను చెప్పలేను," అన్నది లొరేన్. "నాకు తెలుస్తుందని మాత్రం చెప్పగలను."

తల్లి భుజాలు ఎంత పైకి లేచి ఉన్నాయో వేదకు అవి కిందికి దిగినప్పుడే తెలిసింది. అప్పటి నుంచి పద్మినికి ఆమె లొరేన్ గారే. తర్వాత ఆమె దగ్గర ఆడిన నాలుగేళ్ళలో వేద ఏడ్చిన ప్రతిసారీ లొరేన్‌కు తెలిసింది కూడా.

*

మధ్యాహ్నం వేద లొరేన్ ఇంటికి బయలుదేరింది. హైవే మీద గాలి పసుపుగా ఉంది, వైపర్లు తిప్పినకొద్దీ అద్దం మీద చారికలు పడ్డాయి. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు కూర్చుకుంది. నాకు తెలియదు కోచ్, మీకు వచ్చిందనే అనుకున్నాను కోచ్. ప్రతి వాక్యం చివరా లొరేన్ ఆమెను క్షమిస్తోంది. తను కూర్చుకుంటున్నది మాటల్ని కాదని, లొరేన్ మొహాన్ని అని కొంతసేపటికి అర్థమైంది. ఆ మొహం లొరేన్‌ది కూడా కాదు. తనకు కావలసినట్టు తను గీసుకున్నది.

లొరేన్ వరండాలో గొట్టంతో నీళ్ళు కొడుతోంది. పుప్పొడి పసుపు కాలువలు కట్టి మెట్ల మీద నుంచి దిగుతోంది. ఆమె తలెత్తి చూసి మళ్ళీ నీళ్ళు కొట్టసాగింది.

"మీ అమ్మ ఫోన్ చేసింది," అన్నది. "చాలామంది తల్లులు నాకు థాంక్స్ చెప్పారు, వేదా. నాకు రావలసిన ఉద్యోగం నీకు వస్తున్నందుకు నాకే థాంక్స్ చెప్పింది మీ అమ్మ ఒక్కతే."

"కోచ్..."

"ఆమెను ఏమీ అనకు. ఇంతమందిలో నాకు ముందుగా చెప్పాలని ఒక్క మనిషికైనా తోచింది."

వేద మెట్ల కిందే నిలబడింది. కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. "మీకు కాల్ రాలేదా?"

"నాకెందుకొస్తుంది? నువ్వున్నావుగా." లొరేన్ నీళ్ళు ఆపింది. "చూడు, ఇంటర్వ్యూల కోసం ఒక లిస్టు వేస్తారు. అందులో అందరూ ఒకేలాంటి మొహాలుంటే బాగుండదని, ఇంకోలాంటి మొహానికి ఒక కుర్చీ వేస్తారు. ఒక్కటే వేస్తారు. ఇన్నాళ్ళూ రెండు కరోలినాలు, వర్జీనియా, జార్జియా, ఎక్కడ ఖాళీ వచ్చినా ఆ కుర్చీలో కూర్చుని వచ్చింది నేనే. బాగా మాట్లాడారు, చాలా ఆలోచింపజేశారు అని పంపించేవాళ్ళు. లోపల ఒక నేవీ బ్లూ సూటుంది. అది ఇంతవరకూ ఒక్క ఆటా చూడలేదు. దానికి తెలిసిందల్లా హోటళ్ళ కాన్ఫరెన్స్ రూములే." నవ్వింది. "ఈసారి నువ్వు దొరికావు. వయసు తక్కువ, కంప్యూటర్లు తెలుసు, ఎవరినీ కంగారు పెట్టవు. కుర్చీ నిండింది. ఇంక నా అవసరం ఏముంది?"

"అయితే నేను వెళ్ళను."

"వెళ్ళకపోతే నన్ను పిలుస్తారా? అట్లాంటాలో ఇంకెవరినో వెతుకుతారు. నీకు రాదు, నాకూ రాదు. నువ్వు మాత్రం మంచిదానివని ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతావు. నీ మంచితనానికి నన్ను దిండు చేసుకోకు, బేబీ."

"వెళ్ళమంటారా, మరి?"

"అదీ అనను. నేను వెళ్ళమంటే వెళ్ళిన పాపం నాది, వద్దంటే మానేసిన పుణ్యం నీది. రెండూ నీకు తేలికే." ఆమె గొట్టం చుట్ట చుడుతూ ఆగింది. "ఆ ఉద్యోగం నీకు కావాలా?"

"కావాలి."

ఆ మాట తను అనుమతించకముందే బయటికి వచ్చేసింది. వేద తన గొంతును దూరం నుంచి విన్నట్టు విన్నది. శుక్రవారం నుంచి మూసి ఉన్న తలుపు వెనక ఉన్నది ఇదే, ఈ ఒక్క మాట. ఇంత చిన్నది.

"సరే," అన్నది లొరేన్. "ఇప్పుడు మనం నిజంగా మాట్లాడుకుంటున్నాం. ఇంటికెళ్ళు. నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది."

*

ఇంటర్వ్యూ ఎయిర్‌పోర్టు పక్కన హోటల్లో. మందపాటి అద్దాల కిటికీ వెనక విమానాలు ఒక్క చప్పుడు లేకుండా పైకి లేస్తున్నాయి. బల్లకు అటువైపు డగ్ హాల్‌స్టెడ్, ఆయన పక్కన అభ్యర్థులను వెతికిపెట్టే సంస్థ నుంచి వచ్చిన ఒకావిడ, ఆమె ముందు లాప్‌టాప్. డగ్ మంచివాడు. అందరి పిల్లల పేర్లూ గుర్తుపెట్టుకుంటాడు. వేద కోసం ఆయనే కాఫీ పోశాడు.

"నంబర్లలో నువ్వు దిట్టవని విన్నాం," అన్నది ఆవిడ. "ఆటను డేటాగా చూస్తావట."

"వాళ్ళ నాన్న సైంటిస్టు," అన్నాడు డగ్ ప్రేమగా.

వేద జట్టు గురించి చెప్పింది, డిఫెన్స్ గురించి, వచ్చే ఏడాది ఎవరు ఎక్కడ ఆడితే బాగుంటుందో చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ ఆలోచనల్లో సగం కోర్టు మీద తలలు దగ్గర చేర్చిన ఆ కొద్ది క్షణాల్లో లొరేన్ నోటి నుంచి విన్నవేనని ఆమెకు గుర్తొస్తూనే ఉంది. వాళ్ళు తలలూపారు. బాగానే జరుగుతోంది.

"లొరేన్‌ను ఉంచుకుంటావు కదా?" అన్నాడు డగ్. "ఆవిడ ఇళ్ళల్లో అద్భుతం. ఒకసారి సోఫాలో కూర్చుందంటే తల్లులు కరిగిపోతారు. ఆవిడ పోతే మనకు పిల్లలు రారు."

వేద కాఫీ కప్పు పక్కకు జరిపింది. ఇద్దరికీ చెరొక గది కేటాయించి ఉంది. లొరేన్‌కు ఇతరుల ఇళ్ళల్లో హాలు. తనకు కంప్యూటరున్న వెనక గది. ఆ రెండు గదుల నుంచీ చూస్తే స్టూలు ఉన్న చోటు కనిపిస్తుంది. దారి మాత్రం తనకే తెరుస్తున్నారు. ఎందుకు తనకే? కార్పెట్ మీదికి నీళ్ళు వస్తున్నట్టు, పాదాలు చల్లబడుతున్నట్టు అనిపించింది. కిటికీ బయట ఇంకో విమానం లేచింది. తిరిగి చూడాలనిపించింది, కలలో లాగా. ఈసారి మెలకువ వచ్చే దారి లేదు.

"డగ్," అన్నది, "మీకు దేని గురించి భయం?"

ఆయన నవ్వాడు. "ప్రశ్నలు మేం కదా అడగాలి."

"లొరేన్ ప్రతి ఇంట్లో అడిగేది ఇదే. తల్లులు కరిగేది దీనికే."

పక్కనున్నావిడ లాప్‌టాప్ మీది నుంచి తల ఎత్తింది. డగ్ కాఫీ కప్పును సాసర్‌లో తిప్పాడు. ఆయన మొహంలో ఏదో పాతది, చిన్నపిల్లాడిది, పైకి తేలి మళ్ళీ మునిగింది. ఆయనను కూడా ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు.

"లొరేన్‌ను హెడ్ కోచ్‌గా పెట్టుకోవడం భయం కాదు," అన్నాడు చివరికి. "ఆమె ఆట నాకంటే బాగా ఎవరికి తెలుసు. ఓడిపోతే తీసెయ్యాలి కదా, అది భయం. ఇన్నాళ్ళకు ఇచ్చి, రెండేళ్ళకు తీసేస్తే, ఆ రోజు నేను ఎలాంటి మనిషిననుకుంటారో."

"నన్ను తీసేస్తే?"

ఆయన కప్పులోకి చూశాడు.

"ఎవరూ ఏమీ అనుకోరు," అన్నది వేద. ఆమెకు కోపం రాలేదు. నీళ్ళలో చేయి పెట్టి అడుగున ఉన్న రాయిని తాకినట్టు ఉంది.

"మళ్ళీ మన ప్రశ్నల్లోకి వెళ్దామా," అన్నది ఆవిడ.

"ఒక్క నిమిషం. డగ్, ఈ ఉద్యోగం నాకు కావాలి. వద్దని చెప్పడానికి రాలేదు. కానీ మీ భయం నా గురించినది కాదు. నేను దాన్ని తీర్చలేను. ఎవరి గురించి భయపడుతున్నారో ఆవిడకే చెప్పండి. ఇక్కడికి పిలవకండి, ఈ గదులు ఆవిడ చాలా చూసింది. వాళ్ళింటికి వెళ్ళండి. ఇళ్ళల్లో అద్భుతం అన్నారు కదా, ఒకసారి ఆవిడ ఇంట్లోనే చూడండి. తర్వాత కూడా నేనే కావాలనిపిస్తే పిలవండి, వస్తాను."

లిఫ్టులో కిందికి దిగుతుంటే అద్దంలో తన మొహం కనిపించింది. గెలిచిన మొహమో ఓడిన మొహమో పోల్చుకోలేకపోయింది.

*

శనివారం మధ్యాహ్నం లొరేన్ నుంచి మెసేజ్ వచ్చింది. "డగ్ మూడింటికి మా ఇంటికొస్తాడట. ఏం చేశావు నువ్వు?"

"మీరు చేసే పనే చేశాను," అని వేద రాసింది. దానికి జవాబు రాలేదు.

వెళ్ళడానికి ఆమెకు ఏ పనీ లేదు. అయినా కారు ఆ వీధిలోకే తిరిగింది. ఎదురింటి చెట్టు కింద ఆపి చూసింది. డగ్ కారు ఉంది. లొరేన్ ఇంటి తలుపు మూసి ఉంది. వరండాలో, తలుపు పక్కన, ఒక జత గోధుమరంగు తోలు బూట్లు.

ఆమె ఆ బూట్లను చాలాసేపు చూసింది. అవి ఒకదాని పక్కన ఒకటి, చెప్పిన మాట వినే పిల్లల్లా ఉన్నాయి. ఎండ పలచగా ఉంది. పుప్పొడి ఎక్కడి నుంచి రాలుతోందో తెలియకుండా గాలిలోనే పుట్టి వాటి మీద వాలుతోంది. లోపల ఇప్పుడు ఏం మాట్లాడుకుంటున్నారో. డగ్ తొందరగా బయటికి వచ్చేస్తే బాగుండునని ఒక కోరిక. రాకూడదని ఇంకొక కోరిక. రెండూ ఒకే గొంతులో, ఒకేసారి పాడుతున్నట్టున్నాయి. ఏది తనదో విడదీద్దామని చూసింది. రెండూ తనవే. సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

నీళ్ళు ఉన్నాయి. స్టూలు పెట్టింది. వెనక నీటిని తోసుకుంటూ ఎవరో వస్తున్నారు. ఈసారి తిరిగి చూసింది. లొరేన్ కాదు, తనూ కాదు. డగ్. ప్యాంటు కాళ్ళు పైకి మడిచి, తడిసిన సాక్సులతో, స్టూలు పక్కన నిలబడి ఉన్నాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియనివాడిలా చూస్తున్నాడు. బెంచీ మీది అమ్మాయిలు కాస్త జరిగి ఆయనకు చోటిచ్చారు.

ఎవరో అద్దం మీద కొట్టారు. లొరేన్. ఇంటి చొక్కా, పాత ప్యాంటు. సూటు వేసుకోలేదు.

"మా వీధిలో కార్లో నిద్రపోతే పోలీసులను పిలుస్తారు," అన్నది. "లోపలికి రా."

వరండాలో బూట్లు లేవు, డగ్ కారు కూడా లేదు. వేద తన బూట్లు విప్పి లోపలికి వెళ్ళింది. బల్ల మీద సగం తిన్న టీ కేకు, రెండు గ్లాసులు. లొరేన్ సోఫాలో కాకుండా పక్క కుర్చీలో కూర్చుంది.

"అడిగాడు," అన్నది.

వేద సోఫాలో కూర్చుంది. "మీరేమన్నారు?"

"సోమవారం చెప్తానన్నాను. ఉద్యోగం తీసుకుంటానులే. కానీ నేను ఇన్నేళ్ళు ఆగాను. ఆయన రెండు రోజులు ఆగితే ఏం పోయింది." కేకు పళ్ళెం వేద వైపు జరిపింది. "భయం చెప్పాడు. అంతా చెప్పాడు. ఓడిపోతే నేనే నీ ఆఫీసుకొచ్చి చెప్తాను డగ్, నువ్వు మాటలు వెతుక్కోవలసిన పని లేదు అన్నాను. ఆయన భుజాలు దిగడం చూడాల్సింది. అచ్చం మీ అమ్మ భుజాలే."

నవ్వుతుందనుకుంది వేద. లొరేన్ నవ్వలేదు. కిటికీ వైపు చూస్తోంది.

"ఇది కూడా హోమ్ విజిటే, చూశావా. నా ఇల్లు, నా సోఫా, నేను చేసిన కేకు. ఆయన భయాన్ని నేను ఒళ్ళో పడుకోబెట్టుకొని జోకొట్టాను. అప్పుడిచ్చాడు. జేన్‌ను ఎవరైనా ఇది అడిగారా? ఓడిపోతే నువ్వే వచ్చి చెప్తావా అని?"

వేద తల అడ్డంగా ఊపింది. లొరేన్ చేతులు ఒళ్ళో ఉన్నాయి, ఆట అయిపోయాక లాకర్ రూములో ఉండేటట్టు, అరచేతులు పైకి.

"ఇప్పుడు నువ్వు చెప్పు," అన్నది. "ఆ చెట్టు కింద కూర్చుని దేనికి భయపడ్డావు?"

"ఆయన తొందరగా బయటికి వచ్చేస్తాడేమోనని. ఎంతకీ బయటికి రాడేమోనని."

"ఏది ముందు?"

"రాడేమోనని," అన్నది వేద. "ఉద్యోగం మీకే ఇస్తాడేమోనని."

లొరేన్ ఆమెను నిదానంగా చూసింది. దారి పొడుగునా వేద గీసుకున్న మొహం కాదిది. ఇందులో క్షమ లేదు, కోపం కూడా ఇప్పుడు లేదు. టైమౌట్‌లో తలలు దగ్గర చేర్చినప్పుడు, నువ్వేం చూశావు అని అడిగే మొహం.

"మంచిది. ఇంకోలా చెప్పుంటే నా బెంచీ మీద నీకు చోటుండేది కాదు." ఆమె లేచి ఫోన్ తీసింది. "ఉండు, ముందు చెప్పాల్సినవాళ్ళకు ముందు చెప్పాలి. మీ అమ్మ నంబరు ఇక్కడే ఉంది."

అవతల పద్మిని గొంతు వేదకు కూడా వినిపించింది, ఇస్త్రీ చేసిన ఇంగ్లిష్, మధ్యలో ఒకచోట చిన్న మడత.

"మిసెస్ మూర్తి, మీరు మొన్న చెప్పిన థాంక్స్ ఒకటి నా దగ్గర ఉండిపోయింది," అన్నది లొరేన్. "ఇప్పుడు తీసుకుంటాను." ఆగి విన్నది. మళ్ళీ విన్నది. ఆమె పెదవుల చివర కదిలింది. "యెస్ మ్యామ్. మీ అమ్మాయి వంతూ వస్తుంది, అది ఇంకొక రోజు. యెస్ మ్యామ్. లేదు, స్టూలు ఇంకా తనే మోస్తుంది."

అవతల మౌనం. సిగ్నల్ పోలేదు. తర్వాత పద్మిని ఏదో అన్నది. లొరేన్ మొదటిసారి గట్టిగా నవ్వింది, ఫోన్ దూరం పెట్టి వేదతో చెప్పింది: "కొంచెం తేలికది కొనమంటోంది."

వేద కూడా నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దేనికో ఆమె వెతకలేదు. లొరేన్‌కు తెలుస్తుందని తెలుసు.

వాళ్ళిద్దరినీ మాట్లాడుకోనిచ్చి వరండాలోకి వచ్చింది. ఆదివారం కడిగిన నేల మళ్ళీ పసుపు పొర కింద ఉంది. తలుపు పక్కన, డగ్ బూట్లు ఉన్నచోట, పుప్పొడి పడని రెండు శుభ్రమైన పాదాల ఆకారాలు ఉన్నాయి. ముందరి భాగాలు తలుపు వైపే తిరిగి ఉన్నాయి. వేద బూట్లు చేత పట్టుకుని, వాటిని తొక్కకుండా, పక్కన నిలబడి చూసింది. గాలి వీచినప్పుడల్లా ఆ ఆకారాల అంచులు కొద్దికొద్దిగా పసుపులో కలుస్తున్నాయి.